పాకలో బిడ్డకని చింపిన చీర

ఇవాళ మధ్యాహ్నం చల్లపల్లి బస్సు దిగి అమ్మ వచ్చింది. కొత్త బియ్యం, గోంగూర కట్టలు, మా పాపకి ఇష్టమని తను వండిన గులాబీ పువ్వుల డబ్బా ఒకటొకటిగా తీసి బల్ల మీద పెట్టింది. చివరికి సంచి అడుగు నుంచి పాత తువ్వాలులో కట్టిన చిన్న మూట తీసి, "ఇదేమిటో చెప్పు చూద్దాం" అంది. ముడి విప్పకముందే చెప్పేశాను. ఎండలో ఆరిన నూలు, ఎండిన వేపాకు, ఎక్కడో అడుగున కాస్త సాంబ్రాణి కలిసిన ఆ వాసన నాకు తెలుసు. పసిబిడ్డని చుట్టడానికి మా అమ్మమ్మ చేసిన పొత్తిగుడ్డలవి. తమ్ముడికి వాడినవి, వాడగా మిగిలినవి. ఉతికి ఉతికి తెలుపు కాస్తా పాలమీగడ రంగుకి తిరిగింది. వేలు పెడితే వేలికి తగిలినట్టే లేదు.

ఇప్పుడు ఇంట్లో అందరూ పడుకున్నారు. ఈ నెలలో నాకు నిద్ర సరిగా పట్టదు, ఎటు తిరిగి పడుకున్నా పొట్ట అడ్డం. అందుకని లేచి వంటింట్లో లైటు వేసుకుని రాస్తున్నాను. కొత్త సంవత్సరం వచ్చిన కొద్ది రోజులకి మాకు రెండో బిడ్డ పుట్టాలి. క్రిస్మస్‌కి కూడా ఉన్నట్టుంటుందని అమ్మ ముందే వచ్చింది. పక్క గదిలో గోడవారన అట్టపెట్టెలు ఉన్నాయి. ఉయ్యాల, దోమతెర, చిన్న పరుపు, ఉన్ని టోపీలు. పోయిన నెల మా ఆయన, నేను విజయవాడ వెళ్లి కొన్నాం. దుకాణంలో నేనే ఇదీ కావాలి, అదీ కావాలి అని ఏరి ఏరి కొనిపించాను. ఇంటికి తెచ్చాక ఒక్క పెట్టె కూడా విప్పలేదు. గదికి సున్నం వేశాక విప్పుదామన్నాను. సున్నం వేయడం అయిపోయింది. నక్షత్రం కట్టాక అన్నాను. నక్షత్రం కూడా వరండాలో వెలుగుతూనే ఉంది. అమ్మ వచ్చి ఆ గదిలోకి తొంగి చూసి, "టేపు కూడా తీయలేదేం?" అని మాత్రం అడిగి ఊరుకుంది. నేనూ ఏదో పని ఉన్నట్టు వంటింట్లోకి వచ్చేశాను.

నాకు భయపడాల్సిన కారణం ఏమీ లేదు. స్కానింగులో అంతా బాగుందన్నారు. పాప పుట్టినప్పుడు ఏ కష్టమూ రాలేదు. బహుశా అప్పుడు తెలియక భయపడలేదు, ఇప్పుడు పాప ముఖం రోజూ చూస్తూ, ఒక బిడ్డంటే ఏమిటో తెలిసి భయపడుతున్నాను. లోపల కదిలితే ఎందుకింత గట్టిగా కదిలింది అనుకుంటాను, కదలకపోతే ఎందుకు కదలలేదు అనుకుంటాను. ఆ భయంలో ఉండగానే ఆ మూట వచ్చింది. దాన్ని ఒళ్లో పెట్టుకుంటే, నేను నాలుగో తరగతిలో ఉన్ననాటి క్రిస్మస్ కళ్ల ముందుకొచ్చింది.

మా ఊరు చల్లపల్లికి దగ్గర. బస్సు దిగి పంట కాలవ గట్టున నడిచి వెళ్లాలి. నాన్న గూడూరు పక్క ఊళ్లో ఎలిమెంటరీ స్కూల్లో మాస్టారు, పొద్దున వెళ్తే సాయంత్రం బస్సుకే వచ్చేవారు. అమ్మమ్మ మాతోనే ఉండేది. ఆవిడది పాలకాయతిప్ప వైపు సముద్రం దగ్గరి పల్లె. ఉప్పెనలో ఇల్లూ మనుషులూ పోయాక, మిగిలిన ఒక్క కూతురి దగ్గరికి వచ్చేసింది. ఉప్పెన గురించి ఎవరైనా కదిపితే పెద్దగా చెప్పేది కాదు. "ముందు రోజుదాకా అన్నీ అమర్చి పెట్టుకున్నాం" అనేది, అంతే. దేన్నైనా ముందుగా అమర్చి పెట్టుకోవడమంటే ఆవిడకి గిట్టదని మా ఇంట్లో అందరికీ తెలుసు.

క్రిస్మస్ సంగతి మాత్రం వేరు. దానికి డిసెంబరు మొదటి వారం నుంచే ఇల్లంతా అమరికే. అమ్మమ్మ సున్నం నానబెట్టి అందులో నీలిమందు చుక్కలు వేసేది. ఆ తడి సున్నం వాసన తగిలితేనే మాకు పండగ మొదలైనట్టు. నాన్న వెదురు బద్దలు చీల్చి నక్షత్రం కట్టేవారు, రంగు కాగితాలకి మైదా గంజి రాయడం నా పని, గంజి జుట్టుకి అంటించుకోవడం కూడా నా పనే. పిండివంటలు మా వీధిలో ఎవరికి వాళ్లు చేసుకునేవాళ్లు కాదు. ఒకరింట్లో మూకుడు పెడితే మిగతా ఇళ్ల ఆడవాళ్లంతా అక్కడికే పీటలు పట్టుకుని వచ్చేవాళ్లు. ఇవాళ మా ఇంట్లో చక్రాలు, రేపు పక్కింట్లో కజ్జికాయలు, ఎల్లుండి ఆ చివరింట్లో గులాబీ పువ్వులు. ఆ మూడు వారాలూ వీధి వీధంతా నూనె వాసన, మాట, నవ్వు. వీధి చివర చర్చి. మేం దాన్ని గుడి అనే అనేవాళ్లం. పాస్టరుగారిని అయ్యగారనేవాళ్లం.

ఆ ఏడు మా అమ్మకి ఎనిమిదో నెల. అయినా పిండి కలిపింది, చక్రాలు తిప్పింది, గోడలకి సున్నం కూడా తనే వేయబోతే నాన్న వచ్చి అమ్మ చేతిలోంచి కుంచె లాక్కున్నారు. అన్ని పనులూ చేసింది, కానీ పుట్టబోయే బిడ్డ పని ఒక్కటీ చేయలేదు. ఆ మాట కూడా ఎత్తేది కాదు. "సంక్రాంతి దాటాక ఆసుపత్రి పని ఒకటుంది" అనేది, పంటి నొప్పికి చూపించుకోవాలన్నట్టు. మూకుడు దగ్గర ఎవరైనా, "ఏం శాంతా, ఈసారి పొట్ట కిందికి దిగింది, మగపిల్లాడేనేమో" అంటే, "అక్కయ్యా, అది మాడుతోంది, ముందు తిప్పండి" అనేది. అందరూ ఒకరి ముఖాలొకరు చూసుకుని చక్రాలు తిప్పేవాళ్లు. ఒకసారి నేను పక్కనే కూర్చుని ఉండగా అమ్మ చీర కుచ్చెళ్ల దగ్గర ఏదో లోపలినుంచి పొడిచినట్టు కదిలింది. నాకు భలే సరదా వేసి చేయి పెట్టబోయాను. అమ్మ నా చేయి పట్టుకుని మెల్లగా నా ఒళ్లో పెట్టేసింది. తన చేయి కూడా అక్కడ పెట్టుకోలేదు. ఊపిరి బిగబట్టి, ఆ కదలిక ఆగేదాకా గోడకేసి చూస్తూ కూర్చుంది.

అంతకు రెండేళ్ల ముందు మాకు ఒక తమ్ముడు పుట్టి ఏడవలేదు. ఆ బిడ్డ కోసం నాన్న బందరు నుంచి టేకు ఉయ్యాల కొని బస్సు టాపు మీద వేసి తెచ్చారు. అమ్మ నీలం ఉన్నితో టోపీ, మేజోళ్లు అల్లింది. ఏం పేరు పెట్టాలో కూడా అనుకున్నారు. అమ్మమ్మ వద్దని మొత్తుకుంది, చదువుకున్నవాళ్లం కదా, మూఢనమ్మకాలని నాన్న నవ్వేశారు. ఆసుపత్రి నుంచి అమ్మ తిరిగొచ్చిన రోజు నాకు బాగా గుర్తు. నేను గుమ్మం దగ్గరే నిలబడి, "తమ్ముడేడి?" అని అడిగాను. "రాలేదమ్మా" అంది అమ్మ, బస్సు తప్పిపోయిన మనిషి గురించి చెప్పినట్టు. మధ్య గదిలో ఉయ్యాల కొక్కేలకి వేలాడుతూనే ఉంది. సాయంత్రం నాన్న దాన్ని దించి అటక మీద పెట్టేశారు. నీలం టోపీ ఏమైందో నాకు తెలియదు. ఆ తర్వాత నాన్న అమ్మమ్మని ఏ విషయంలోనూ ఎగతాళి చేయలేదు. ఈసారి అమ్మమ్మ, "బిడ్డ ఏడుపు నా చెవిన పడేదాకా ఈ గడప లోపలికి గుడ్డముక్క కూడా రాకూడదు" అంటే ఎవరూ కాదనలేదు.

అయితే ఆ కట్టడి పెట్టిన మనిషికే అమ్మ తీరు చూసి గుబులు పట్టుకుంది. ఒకరోజు నాన్నకి అన్నం వడ్డిస్తూ అంది, "కొనొద్దన్నాను గానీ అల్లుడూ, తలుచుకోవద్దని అన్నానా? అదేమిటది, మోస్తున్నది తనది కానట్టు!"

"నేనేం చెప్పను అత్తయ్యా, నేను నోరెత్తితే అన్నం దగ్గర్నుంచి లేచిపోతుంది" అన్నారు నాన్న.

"నీ నోరు వద్దులే. నాది ఉందిగా" అంది అమ్మమ్మ. ఆ సాయంత్రమే చీర మార్చుకుని అయ్యగారింటికి వెళ్లింది.

మా గుడిలో ప్రతి క్రిస్మస్‌కీ వేదిక పక్కన పశువుల పాక కట్టేవాళ్లు. కొత్త గడ్డి, మట్టితో చేసిన ఆవులు, గొర్రెలు, మధ్యలో చెక్క తొట్టి, అందులో ఒక బొమ్మ. బాల యేసుకి గడ్డీ, గుడ్డలూ ఏటా ఒక ఇంటివాళ్లు ఇవ్వాలి. ఆ ఏడు వంతు వేరేవాళ్లది. అమ్మమ్మ అయ్యగారిని బతిమాలి ఆ వంతు తను తీసుకుంది. ఇంటికొచ్చి ట్రంకు పెట్టె తెరిచి తన చీరల్లోకెల్లా పాతది, ఉతికి ఉతికి దూదిపింజలా తేలికైపోయిన తెల్ల నేత చీర బయటికి తీసింది. దాన్ని సోడా వేసి ఉడకబెట్టి, కాలవలో జాడించి, గట్టు మీద ఎండలో ఆరేసింది. అలా ఒక్కసారి కాదు, గంజి వాసన పూర్తిగా పోయేదాకా.

పొత్తిగుడ్డకి కత్తెర పెట్టకూడదనేది అమ్మమ్మ. కత్తెర పెడితే అంచు గరుకవుతుందట, బిడ్డ ఒంటికి గీసుకుంటుందట. కుట్టు కూడా వేయకూడదు, ముడి తగులుతుంది. అంచు దగ్గర పంటితో చిన్న గాటు పెట్టి, నేసిన దారిని బట్టి చేత్తో చింపాలి. కానీ పెద్ద చీరని వంకర పోకుండా తిన్నగా చింపాలంటే ఒక్కరి వల్ల కాదు, అటొకరు ఇటొకరు బిగించి పట్టుకోవాలి. మొదట అమ్మమ్మ నన్ను పట్టుకోమంది. నేను లాగితే గుడ్డ ఏటవాలుగా పోయింది.

"తిన్నగా లాగవే, నిన్న తిన్న చక్రాలు కూడా నీకు బలం ఇవ్వలేదేం?"

"బొమ్మకి ఇన్ని గుడ్డలెందుకు అమ్మమ్మా?"

"చలికాలం కాదూ?"

"బొమ్మకి చలేస్తుందా?"

"నీకు తెలుసా వెయ్యదని?"

అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తోంది. చేతికి పిండి. "బొమ్మ మూరెడు లేదు, అంతంత ముక్కలెందుకమ్మా?" అంది చివరికి.

"గుడిలో బిడ్డకిచ్చేది కొలిచి ఇస్తారా ఎవరైనా? వచ్చి ఆ కొస పట్టుకో. ఇది లాగితే నా ప్రాణం తీస్తోంది."

అమ్మ కదల్లేదు. అమ్మమ్మ తల ఎత్తకుండానే అంది, "మనింటి సంగతి కాదే. పాకలో బిడ్డకి. దానికి కూడా చేయి రాదా నీకు?"

అమ్మ చేతులు కడుక్కుని వచ్చింది. పీట మీద కూర్చోవడానికి ఇబ్బంది పడి, గడప మీద కూర్చుని కొస పట్టుకుంది. ఇద్దరూ బిగించి లాగితే చీర ఆ చివర నుంచి ఈ చివర దాకా గీత గీసినట్టు చిరిగింది. ఆ చప్పుడు ఇంకా నా చెవుల్లో ఉంది. సర్రుమని మొదలై, గుడ్డ మెత్తబడ్డ చోట గుసగుసలా తగ్గి, మళ్లీ అంచు దగ్గర టప్పున ఆగేది. ఆ రోజు నుంచి సాయంత్రాలు అదే పని. అమ్మ చింపిన ముక్కని చెంపకి ఆనించి చూసి, గరుకుగా అనిపిస్తే మళ్లీ ఉడకబెట్టే గిన్నెలో వేసేది. ఒకసారి ఒక ముక్కని మోచేతి మీద పరిచి, తల దగ్గర ఇలా మడత పెట్టి, కాళ్ల దగ్గర అలా తిప్పి చూసింది. మోచేతి మీద ఏమీ లేదు. నేను చూస్తున్నానని తెలిసి గబగబా మడిచేసింది. అమ్మమ్మ గుడ్డలకి సాంబ్రాణి పొగ వేసి, మధ్య మధ్య వేపాకు పెట్టి, మూట కట్టింది. పండగయ్యాక అయ్యగారితో ప్రార్థన చేయించి మూట ఇంటికి తెచ్చేసుకోవాలని ఆవిడ ఆలోచన. దేవుడి పేరు మీద చేసినవి కాబట్టి దిష్టీ తగలదు, ముందుగా అమర్చినట్టూ కాదు. కాకపోతే ఆ ఆలోచన ఆవిడ తన కడుపులోనే దాచుకుంది. అయ్యగారికి కూడా చెప్పలేదు. అదే పొరపాటైంది.

మా గుడికి ఒక ఆనవాయితీ ఉంది. కోతలైన కాలం కాబట్టి క్రిస్మస్ నాడు జనం కానుకగా చేతిలో ఉన్నది తెచ్చేవాళ్లు. ధాన్యం, గుమ్మడికాయలు, కొబ్బరికాయలు, కోళ్లు. ఆరాధన అయ్యాక, భోజనాల ముందు, గుడి ఆవరణలో షామియానా కింద వాటిని వేలం వేసేవాళ్లు. కానుకల్లో చేరింది ఏదైనా సరే గుడిదే, మళ్లీ ఊరికే తీసుకోకూడదు. అమ్మమ్మ పొద్దున్నే వెళ్లి తొట్టిలో బొమ్మకి రెండు గుడ్డలు చుట్టి, మిగతా మూట పాక పక్కన పెట్టింది. గుడి సర్దే కుర్రాళ్లు కానుకే అనుకుని దాన్నీ తీసుకెళ్లి వేలం బల్ల మీద పెట్టేశారు. మేం బయటికొచ్చి చాప మీద కూర్చునేసరికి, గుమ్మడికాయకీ కాళ్లు కట్టిన నాటుకోడికీ మధ్య మా మూట ఉంది. అమ్మమ్మ చూసింది. చూసి నా మోచేయి పట్టుకుంది, గోళ్లు దిగేలా.

వేలం పాడించేది ప్రకాశం మావయ్య. చుట్టం కాకపోయినా ఊరందరికీ మావయ్యే. "దేవుడి గుమ్మడికాయండీ! పులుసు పెట్టారంటే పక్కింటివాళ్లు అన్నం పట్టుకుని మీ ఇంటికొచ్చేస్తారు! అందుకని పక్కింటివాళ్లే పాడుకోండి!" అంటూ నవ్విస్తున్నాడు. గుమ్మడికాయ పోయింది. కోడిని గుడివాడ నుంచి వచ్చిన సుగుణమ్మగారు పాడుకున్నారు. కూతుర్ని మా ఊరిచ్చారు, పండక్కి చూడ్డానికి వచ్చారు. పెద్ద గొంతు, పెద్ద మనసు, పట్టుచీర. తర్వాత మూట చేతిలోకి తీసుకుని ప్రకాశం మావయ్య, "ఇదేమిటో మరి, బరువు లేదు, దీవెనలేమో" అన్నాడు.

"ఊరికే దీవెనలంటే ఎలా బాబూ, విప్పి చూపించు" అన్నారు సుగుణమ్మగారు. చేత్తో తడిమి చూసి, "అబ్బ! వెన్న! ఎవరు చేశారో గానీ చేయి తిరిగిన మనిషి. గుడివాడలో మా కోడలికి నెల పిల్లాడు. నేను పాడుకుంటా" అన్నారు.

నేను అమ్మమ్మ చెవిలో, "మనవని చెప్పు" అన్నాను.

"నోరెత్తకు. దేవుడికిచ్చింది దేవుడిదే" అంది. ఆవిడ పాడుకోవచ్చు, ఎవరూ అడ్డు చెప్పరు. కానీ పాడితే అది మా ఇంటి బిడ్డ కోసమని అందరి ముందూ ఒప్పుకున్నట్టు. ఆవిడ పెట్టిన కట్టడి ఆవిడకే అడ్డం వచ్చింది. నాన్న అటు వంటల దగ్గర ఉన్నారు. ప్రకాశం మావయ్య, "గుడివాడ అక్కయ్యగారి పాట. ఒకటోసారి" అన్నాడు.

"నేనూ పాడతాను మావయ్యా" అని వినిపించింది. అమ్మ. తల వంచుకునే ఉంది.

అందరూ తిరిగి చూశారు. సుగుణమ్మగారికి హుషారు వచ్చింది. "పాడమ్మాయ్ పాడు! పండగపూట పోటీ లేకపోతే సరదా ఏముంటుంది!" అని పాట పెంచారు. పక్కనున్న ఆడవాళ్లు ఆవిడ చెంగు పట్టి లాగారు. "ఏమిటర్రా ఆ లాగడం, పట్టుచీర! చిరిగితే మీరు కొనిస్తారా?" అంటూ ఆవిడ చెంగు విదిలించుకున్నారు. అమ్మ మళ్లీ పాడింది. ఆవిడ మళ్లీ పెంచి, నవ్వుతూనే, ఏ చెడు ఉద్దేశమూ లేకుండా అడిగారు.

"పాతగుడ్డల కోసం అంత పట్టుదలేమిటమ్మా? అంతగా ఎవరికి?"

అమ్మ షామియానా గుంజ పట్టుకుని లేచింది. లేవడానికి కాసేపు పట్టింది. పైట సర్దుకోలేదు, పొట్ట దాచుకోలేదు. "నా బిడ్డకండీ" అంది. గొంతు పెద్దదేం కాదు గానీ అందరికీ వినిపించింది. "వచ్చే నెల నా బిడ్డ పుట్టాలి. ఆ గుడ్డలు నేను చింపాను. నా బిడ్డకే చింపాను. నాకు కావాలి."

కోడి ఒక్కటే కొక్కొక్కోమంటోంది. వంటల దగ్గర నుంచి నాన్న గరిటె పట్టుకునే వచ్చి నిలబడ్డారు. అమ్మమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

"ఓసి నా తల్లీ" అన్నారు సుగుణమ్మగారు. "ఆ ముక్క మొదటే అనొద్దూ! ప్రకాశంగారూ, నాకు పాటా లేదు, గీటా లేదు. కొట్టెయ్యండి!" ప్రకాశం మావయ్య రెండోసారి అనడం మర్చిపోయి ఏకంగా మూడోసారి అనేశాడు. మూట అమ్మ చేతిలో పెట్టాడు. సుగుణమ్మగారు తను పాడుకున్న కోడిని తెచ్చి నా పక్కన పడేసి, "మీ అమ్మకి పురుడయ్యాక వండి పెట్టండి. నేను దీన్ని గుడివాడ బస్సులో ఎక్కడ మోసేది!" అన్నారు. ఆ కోడిని ఆ తర్వాత ఎవరికీ కోయబుద్ధి కాలేదు. మా పెరట్లోనే ముసలిదై పోయింది.

ఇంటికి వెళ్తూ అమ్మమ్మ మూట అందుకోబోతే అమ్మ ఇవ్వలేదు. వీధిలో ఎవరో, "ఏం శాంతా, ఎన్నో నెల?" అంటే, "ఎనిమిది నిండుతోంది అక్కయ్యా" అని ఆగి మరీ చెప్పింది. ఇంటికి రాగానే నాన్నతో, "అటక మీది ఉయ్యాల దించండి" అంది. ఇక్కడ మాత్రం అమ్మమ్మ ఊరుకోలేదు. ఏడుపు వినందే కొక్కేలకి కట్టడానికి వీల్లేదంది. అమ్మ వినదు, అమ్మమ్మ వినదు. చివరికి నాన్న ఉయ్యాల దించి, కడిగి, పెరట్లో గోడకి ఆనించి ఎండలో పెట్టారు. ఇంట్లో ఉన్నట్టూ లేనట్టూ. అది అలాగే రోజూ ఎండలో ఉండేది, సాయంత్రం మంచు పడకుండా గోనెపట్టా కప్పేవాళ్లం.

తమ్ముడు బందరు ఆసుపత్రిలో పుట్టాడు. వాడు వెంటనే ఏడవలేదట. అమ్మమ్మ తలుపుకి చెవి ఆనించి నిలబడింది, మూట పట్టుకుని నేను బల్ల మీద కూర్చున్నాను, నాన్న వరండాలో అటూ ఇటూ తిరుగుతున్నారు. తర్వాత పిల్లిపిల్ల అరిచినట్టు సన్నగా వినిపించింది. అమ్మమ్మ అక్కడే నేల మీద చతికిలబడిపోయింది. నర్సు తలుపు తీసి, "గుడ్డలు తెచ్చారా?" అంటే ఇవ్వడానికి నేనే మిగిలాను. వాడిప్పుడు గుడివాడలో ఇంటర్ చదువుతున్నాడు. పండక్కి వస్తే తల గుమ్మానికి తగులుతుంది.

ఇవాళ భోజనాలయ్యాక అమ్మని అడిగాను, ఆ రోజు అలా నిలబడి చెప్పాక భయం పోయిందా అని. ఆ మూట ఒళ్లో పెట్టుకుని ముక్కలు సర్దుతూ అంది, "భయం ఎక్కడికి పోతుందే? వాడు ఏడిచేదాకా ఉంది. ఇప్పటికీ వాడు బస్సు దిగేదాకా ఉంటుంది." ఒక ముక్క మడత పెట్టి, "మొదటివాడికి అన్నీ కొన్నాం కదా. పోయాక అందరూ, ముందే కొన్నారు గనక అన్నారు. నేనూ అదే అనుకుని, వాడి పేరైనా తలుచుకోలేదు. ఆరోజు ఆ మూట ఇంకొకరి చేతికి పోతుంటే, వాణ్ని పంపించేసినట్టే ఈ బిడ్డనీ నోరు మూసుకుని పంపించేస్తున్నాననిపించింది. ఉంటారో లేదో మన చేతిలో లేదు. కానీ ఉన్నన్నాళ్లూ మనవాళ్లే కదా. ఆ మాటైనా అనకపోతే ఎలా?" అంది.

అమ్మ ఏదీ కొనకుండా దాచుకున్న భయాన్నే నేను అన్నీ కొని, టేపు వేసి దాచుకున్నాను. అప్పట్లో వీధిలో మూకుడు దగ్గర పదిమంది ఆడవాళ్లు అమ్మ ముఖం చూసి తెలుసుకునేవాళ్లు. ఇక్కడ మా పక్కింటివాళ్లకి నేను నవ్వుతూ కనిపిస్తాను. పిండివంటలు దుకాణం నుంచి వస్తాయి, డాక్టరుగారు రిపోర్టు చూసి అంతా బాగుందంటారు, నేను థాంక్స్ చెప్పి వచ్చేస్తాను. అప్పటి కంటే ఆసుపత్రులు మేలు, మందులు మేలు, అది కాదనను. ఆ రోజుల్లో ఇప్పటి వసతి ఉంటే మా మొదటి తమ్ముడు బతికేవాడేమో. కానీ, "ఎవరికి?" అని అంత పెద్ద గొంతుతో అడిగే సుగుణమ్మగారు నాకెవరూ తటస్థపడలేదు.

అమ్మ లేచి సంచిలోంచి ఇంకొకటి తీసింది. తన పాత నేత చీర, లేత నీలం, వెలిసి దాదాపు తెల్లబడింది. ఉడకబెట్టి, గంజి పోగొట్టి తెచ్చింది. అంచు పళ్ల మధ్య పెట్టి చిన్న గాటు పెట్టింది.

"కొస పట్టుకో."

"ఇది దేనికమ్మా?"

"వేలానికి కాదులే. ఈ ఊళ్లో నీతో పోటీ ఎవరు పాడతారు?" అంది. నవ్వలేదు, నా వంకే చూస్తోంది. "నువ్వు చెప్పు. దేనికి?"

నేను కుర్చీ అంచుకి జరిగి కొస పట్టుకున్నాను. పాప నేల మీద కూర్చుని గులాబీ పువ్వు కొరుకుతూ మా ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తోంది. "నా బిడ్డకి" అన్నాను.

"అయితే గట్టిగా లాగు."

లాగాను. సర్రుమని చీర మా ఇద్దరి మధ్యా తిన్నగా చిరుగుతూ వచ్చింది, మధ్యలో మెత్తబడింది, అంచు దగ్గర టప్పున ఆగింది. ఆ చప్పుడుకో మరెందుకో లోపల బిడ్డ గట్టిగా తన్నింది. అలవాటుగా ఊపిరి బిగబట్టబోయి ఆగాను. పాప చేయి తీసుకుని అక్కడ పెట్టాను.